పగ్గాలు వదిలాక: రోడియోలో ట్రిక్ రోపింగ్, ట్రిక్ రైడింగ్

రోడియో, అంటే అమెరికా కౌబాయ్‌ల పోటీల ప్రదర్శన, చూసొచ్చినవాళ్ళు ఎక్కువగా ఎద్దు మీద ఎనిమిది సెకన్ల సవారీ గురించే చెప్పుకుంటారు. ఉత్తర టెక్సస్‌లో ఉండే మన తెలుగు కుటుంబాలు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని ఫోర్ట్‌వర్త్ స్టాక్‌యార్డ్స్‌కి తీసుకెళ్తాయి. అక్కడ వీధిలో నడిపించే పొడుగు కొమ్ముల పశువుల్ని చూపించి, రాత్రికి కౌటౌన్ కొలీజియంలో రోడియో చూసి ఇంటికొస్తాయి. పోటీకీ పోటీకీ మధ్య ఒకరు తాడు తిప్పుకుంటూ లోపలికి వస్తారు, లేదా దౌడు తీసే గుర్రం పక్కన తలకిందులుగా వేలాడుతూ కంచె వెంట వెళ్ళిపోతారు. మొదటిది ట్రిక్ రోపింగ్, రెండోది ట్రిక్ రైడింగ్. నేను నేర్చుకున్న పని అదే. రోడియోలో ఇప్పుడు దీనికి మార్కులూ బహుమతులూ లేవు. రెండో ప్రపంచ యుద్ధం నాటి దాకా న్యాయనిర్ణేతలు మార్కులు వేసే పోటీగా నడిచింది గానీ, ఆ తర్వాత ఒప్పందం మీద చేసే ప్రదర్శనగా మిగిలింది. ఏ సామాను కావాలి, ఏ వరసలో నేర్చుకోవాలి, ఎక్కడ తప్పుతుంది, ఎందుకు తప్పుతుంది అన్నవి నాకు తెలిసినంత మేర రాస్తున్నాను.

తాడులోనూ గుర్రంలోనూ కొత్తవాళ్ళని వెనక్కి లాగేది ఒకటే అలవాటు, గట్టిగా పట్టుకోవడం. తాడుని పిడికిట్లో బిగిస్తే మెలికలు పడుతుంది. గుర్రాన్ని అడుగడుగునా పగ్గాలతో నడిపించాల్సి వస్తే విన్యాసానికి చేతులు ఖాళీగా ఉండవు. చేతి పట్టు వదులుగా ఉన్నా ఉచ్చు తిరుగుతూ ఉండాలి, పగ్గాలు వదిలేసినా గుర్రం దారి తప్పకుండా పరిగెత్తాలి. శిక్షణలో ఎక్కువ భాగం ఈ రెండింటికే పోతుంది.

మొదలు తాడుతోనే పెట్టాలి. గుర్రం అక్కర్లేదు, పెద్ద ఖర్చు లేదు, పడి దెబ్బలు తగిలే భయం లేదు. పైగా కొత్తవాళ్ళ మొదటి పొరపాటు కొట్లోనే జరుగుతుంది. రోడియో సామాన్ల కొట్టుకి వెళ్ళి దూడల్ని పట్టే లేరియట్ కొనుక్కొస్తారు. అది నైలాన్‌తో బిరుసుగా పేనిన తాడు, ముప్పై అడుగుల దాకా ఉంటుంది. విసిరినప్పుడు ఉచ్చు మూసుకుపోకూడదని దాన్ని కావాలనే అలా చేస్తారు. తిప్పడానికి ఆ బిరుసుతనమే అడ్డం. ట్రిక్ రోపింగ్‌కి అల్లిన నూలు తాడు కావాలి. అమెరికాలో చాలామంది శాంసన్ కంపెనీ స్పాట్ కార్డ్ వాడతారు. పెద్దవాళ్ళకి నంబరు 12, పిల్లలకి నంబరు 10. ఆ అంకె అంగుళంలో ముప్పై రెండో వంతుల లెక్క. నంబరు 12 అంటే సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల మందం, నంబరు 10 అంటే ఎనిమిది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉండి ప్రయత్నించేవాళ్ళు తాళ్ళ కొట్లో అల్లిన నూలుతాడు కావాలని విడిగా చెప్పి అడగాలి. మామూలు పురితాడు ఒక దిక్కుకి తిప్పితే పురి విప్పుకుంటుంది, రెండో దిక్కుకి తిప్పితే బిగిసి ముడుచుకుపోతుంది. అల్లిన తాడుకి ఆ ఇబ్బంది లేదు. మెక్సికోలో చారోలు, అంటే అక్కడి సంప్రదాయ రౌతులు, మాగే అనే కిత్తనార జాతి మొక్క నారతో పేనిన తాళ్ళతో అద్భుతంగా తిప్పుతారు, కానీ అది చిన్నప్పటి నుంచీ చేయి తిరిగినవాళ్ళ పని.

తాడు కొసన ఉండే చిన్న కంటిని హోండా అంటారు. రెండో కొస అందులోంచి దూరి వస్తే ఉచ్చు తయారవుతుంది. చేతి నుంచి హోండా దాకా ఉండే భాగం పేరు స్పోక్. హోండా తాడుకంటే కొంచెం బరువుగా ఉండాలి. మరీ తేలికైతే ఉచ్చు విచ్చుకోదు, మరీ బరువైతే ఆ పక్కకి వాలి కోలగా తిరుగుతుంది. ఇత్తడివీ అల్యూమినియంవీ దొరుకుతాయి. లేదంటే కొసని మడిచి గట్టి దారంతో కుట్టి, పైన సన్నటి రాగితీగ చుట్టుకోవచ్చు. పిల్లలకి లోహపు హోండా ఇవ్వకండి, మొహానికి తగిలితే చర్మం చీలుతుంది. చేతిలో ఉండే కొసకి ముడి వెయ్యకూడదు. విడిపోకుండా దారం చుట్టి ఆపెయ్యాలి, ముడి ఉంటే తాడు వేళ్ళ మధ్య దొర్లదు.

మొదటి తాడు పదిహేను అడుగులుంటే చాలు. ఒంటి చుట్టూ తిప్పే విన్యాసాలకి పద్దెనిమిది నుంచి ఇరవై, దూకుతూ చేసే వాటికి ఇరవై పైన, గుర్రం మీద కూర్చుని చుట్టూ తిప్పే పెద్ద ఉచ్చుకి అరవై అడుగులు దాటిన తాడు కావాలి. ఒకే తాడుతో అన్నీ చెయ్యాలని చూస్తే ఏదీ కుదరదు. వృత్తిలో ఉన్నవాళ్ళు సంచిలో ఒక్కో పనికి ఒక్కో తాడు పెట్టుకుంటారు, ప్రతిదానికీ మారు తాడు ఇంకొకటి ఉంటుంది.

అన్నిటికీ పునాది ఫ్లాట్ లూప్, అంటే నేలకి సమాంతరంగా తిరిగే ఉచ్చు. కుడిచేతి వాటం వాళ్ళు ఇలా మొదలుపెట్టాలి. రెండున్నర మూడు అడుగుల వెడల్పున్న ఉచ్చు చేసి, హోండా కుడిపక్కన, ఉచ్చు ఎత్తులో సగానికి వేలాడేలా పట్టుకోవాలి. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య స్పోక్ కొస, మిగతా వేళ్ళలో ఉచ్చు పైభాగం ఉంటాయి. ఎడమచేత్తో ఉచ్చుని ఒక అడుగు దూరంలో పట్టుకోవాలి. నడుము కాస్త వంచి, ఉచ్చు అడుగు నేలకి జానెడు ఎత్తులో ఉండగా, గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురుగా కుడిచేత్తో ఒక ఊపు ఇవ్వాలి. ఊపు మొదలైన వెంటనే ఎడమచెయ్యి వదలాలి, రెప్పపాటు తర్వాత కుడిచేతిలోని ఉచ్చు భాగాన్నీ వదలాలి. స్పోక్ ఒక్కటే మిగులుతుంది. ఆ తర్వాత చెయ్యి కిందికి చూస్తూ చిన్న వృత్తం గీస్తూ ఉండాలి. హోండా ఎక్కడుందో దానికి చెయ్యి కొంచెం ముందు నడవాలి, అప్పుడే తాడుని లాక్కెళ్ళగలదు.

అసలు కిటుకు వేళ్ళలో ఉంది. ఉచ్చు ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ స్పోక్‌లో ఒక మెలిక పుడుతుంది. వత్తి చేసేటప్పుడు దూదిని వేళ్ళ మధ్య దొర్లించినట్టు తాడు కొసని దొర్లనిస్తే ఆ మెలిక అప్పటికప్పుడు విడిపోతుంది. దొర్లనివ్వకపోతే నాలుగైదు చుట్లకే స్పోక్ ముడుచుకుని, ఉచ్చు ఎనిమిది అంకెలా మడతపడి కింద పడుతుంది. చాలామంది అది వేగం చాలక పడిందనుకుని ఇంకా వేగంగా తిప్పుతారు, దాంతో మరింత త్వరగా పడుతుంది.

ఉచ్చు పడ్డ తీరు చూస్తే కారణం తెలుస్తుంది. మడతపడి పడితే వేళ్ళు బిగుసుకున్నాయి. మెల్లగా చిన్నదైపోయి పడితే వేగం తగ్గింది, లేదా హోండాలో తాడు గరుగ్గా పట్టేస్తోంది. ఒక పక్కకి వాలి నేలని తాకితే చెయ్యి పెద్ద వృత్తం గీస్తోంది. చిన్న పళ్ళెం వెడల్పు చాలు, అంతకు మించితే ఊపు ఉచ్చుకి చేరకుండా స్పోక్‌లోనే పోతుంది. మొదలుపెట్టగానే కూలిపోతే రెండు చేతులూ ఒకేసారి వదిలారని అర్థం. ఇవేవీ కాకుండా పడుతోందంటే తాడుని చూడాలి. నూలు తేమని పీల్చుకుంటుంది. మంచు పడ్డ గడ్డి మీద పొద్దున్నే సాధన చేస్తే అరగంటకి తాడు బరువెక్కి మొద్దుబారుతుంది. ఎండాకాలం సిమెంటు నేల మీద తిప్పితే అడుగు నూలు అరిగి పీచు లేస్తుంది, ఆ పీచు హోండాలో ఇరుక్కుంటుంది. గాలిలో సాధన చెయ్యడం కొత్తలో వృథా, గోడ చాటు చూసుకోండి. కొత్త తాడుని ఒకట్రెండు రోజులు బరువు కట్టి వేలాడదీస్తే సాగుడు పోతుంది.

ఫ్లాట్ లూప్ నిలిచాక వెడ్డింగ్ రింగ్. తాడు కొసని తల మీదికి ఎత్తి ఉచ్చుని మన చుట్టూ తిప్పుకోవడం. చెయ్యి తలకి సరిగ్గా పైన ఉండాలి. ముందుకి జరిగితే ఉచ్చు వీపుకి తగులుతుంది. మెర్రీగోరౌండ్‌లో ఉచ్చు కాలి కింద నుంచి, వీపు వెనక నుంచి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ చుట్టూ తిరుగుతుంది. అందుకే రెండో చేత్తో కూడా ఫ్లాట్ లూప్ మొదటి నుంచీ సాధన చెయ్యాలి, ఇది చాలామంది వాయిదా వేసి తర్వాత అవస్థ పడతారు. బటర్‌ఫ్లైలో ఉచ్చు నిలువుగా, చిన్నగా, ఒంటికి అటూ ఇటూ మారుతుంది. ఇక్కడ మోచెయ్యి కదలకూడదు, మణికట్టు ఒక్కటే పని చెయ్యాలి.

ఈ వరసలో పెద్దది టెక్సస్ స్కిప్. మనిషికంటే పెద్ద ఉచ్చు నిలువుగా తిరుగుతూ కుడి నుంచి ఎడమకీ, ఎడమ నుంచి కుడికీ వస్తుంటే, వచ్చిన ప్రతిసారీ అందులోంచి దూకాలి. ఎత్తుగా ఎగరాలని అందరూ అనుకుంటారు. నిజానికి రెండు మోకాళ్ళూ ఒకేసారి పైకి ముడుచుకుంటే ఆరేడు అంగుళాల ఎగురు సరిపోతుంది. ఎత్తుగా ఎగిరేవాళ్ళు దిగడానికి సమయం పట్టి తర్వాతి లయ తప్పుతారు. ముందు దూకకుండా ఉచ్చుని పక్కన నిలువుగా తిప్పుతూ, అది దాటినప్పుడల్లా ఉన్నచోటే చిన్నగా ఎగరడం అలవాటు చేసుకోవాలి. కాళ్ళకి లయ పట్టాక ఉచ్చుని అడ్డంగా లాగితే సరి. తాడు కాలికి తగిలి ఆగిపోతోందంటే దాదాపు ఎప్పుడూ చెయ్యి ఆలస్యంగా లాగినందువల్లే, దూకడంలో లోపం వల్ల కాదు.

అమెరికా తాడు విద్యకి మూలం మెక్సికో. ప్వెబ్లాకి చెందిన విసెంటే ఒరొపేసా అనే చారో 1890లలో బఫెలో బిల్ అనే ప్రదర్శకుడి వైల్డ్ వెస్ట్ బృందంతో అమెరికా అంతా తిరిగాడు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన రోజుల్లో అతన్ని చూసినవాళ్ళలో విల్ రోజర్స్ ఒకడు. ఇప్పటి ఒక్లహోమాలో 1879లో పుట్టిన చెరొకీ కుర్రాడు. పెద్దయ్యాక మూడు తాళ్ళు ఒకేసారి విసిరి, ఒకటి గుర్రం మెడకి, ఒకటి రౌతుకి, ఒకటి గుర్రం నాలుగు కాళ్ళకీ పడేలా చేసి, ఆ పనిని 1922లో మూకీ చిత్రంలో నెమ్మది కదలికలో చూపించాడు. వృత్తిలో ఉన్నవాళ్ళు రోజర్స్ నుంచి నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. తాడు తిప్పుతూ మాట్లాడడం. విసురు తప్పినా జనం ధ్యాస చెదరకుండా మాటతో పట్టి ఉంచేవాడు. న్యూయార్క్‌లో జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ అనే నాటక ప్రదర్శన వేదిక మీద పేరు వచ్చింది తాడుకి ఎంతో ఆ మాటలకీ అంతే. ఇప్పటికీ గాలి ఉన్న రోజున మాట చేతకానివాళ్ళు రింగులో చాలా ఇబ్బంది పడతారు.

ఆడవాళ్ళు ఈ పనిలో మొదటి నుంచీ ముందున్నారు. 1912లో కెనడాలో జరిగిన మొదటి కాల్గరీ స్టాంపీడ్ రోడియోలో ఆడవాళ్ళ తాడు పోటీ గెలిచింది ఫ్లారెన్స్ లడ్యూ, అదీ లూసీల్ మల్‌హాల్ అంతటి పేరున్న మనిషిని దాటి.

ఇక గుర్రం. ట్రిక్ రైడింగ్ మూలాలు ఇంకో వైపు ఉన్నాయి. 1892 నుంచి బఫెలో బిల్ బృందంలో కొసాక్కులనే (రష్యా గుర్రపు యోధులు) పేరుతో ఆడినవాళ్ళు నిజానికి జార్జియా దేశంలోని గురియా ప్రాంతపు రౌతులు. జీను మీద నిలబడడం, పక్కకి వేలాడడం, దౌడులో దిగి మళ్ళీ ఎక్కడం వాళ్ళ దగ్గర చూసి అమెరికన్ కౌబాయ్‌లు తమ జీనుకి తగ్గట్టు మార్చుకున్నారు.

గుర్రం ఎంపికలో అందం చూడకూడదు. క్వార్టర్ హార్స్ జాతిలో పద్నాలుగున్నర నుంచి పదిహేను హ్యాండ్ల ఎత్తున్నవి బాగుంటాయి. ఒక హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు. అంతకంటే ఎత్తైతే జీను కొమ్ము (జీను ముందు పొడుచుకొచ్చిన పట్టు) పట్టుకుని నేల మీదికి దిగినప్పుడు కాళ్ళు సరిగ్గా అందవు. వీపు వెడల్పుగా, దౌడు సమంగా, తల ఎగరెయ్యకుండా ఉండాలి. వయసు ఏడెనిమిదేళ్ళు దాటినదైతే మేలు. పిల్ల గుర్రానికి వేగం ఉంటుంది, నిలకడ ఉండదు.

దానికి నేర్పాల్సిన మొదటి పాఠం దారి. రింగు కంచె వెంట, కంచెకి ఆరేడు అడుగుల దూరంలో, ప్రతిసారీ అదే గీత మీద నడిపించాలి. ముందు నడక, తర్వాత దుడుకు నడక (ట్రాట్), తర్వాత మెల్లని దౌడు. అది దారి నేర్చుకున్న కొద్దీ పగ్గాలు వదులు చేస్తూ పోయి, చివరికి పూర్తిగా వదిలెయ్యాలి. ట్రిక్ గుర్రానికి పొడుగు పగ్గాలుండవు. ఒకటే పొట్టి పగ్గం జీను కొమ్ముకి కట్టి ఉంటుంది, లేకపోతే వదిలినప్పుడు తల మీదుగా జారి ముందు కాళ్ళకి చుట్టుకుంటుంది. దారి చివర ఒక మనిషి నిలబడి గుర్రాన్ని అందుకోవాలి. రోజూ అక్కడే ఆగితే, ఏదైనా తేడా వచ్చిన రోజున కూడా గుర్రం అలవాటుగా అక్కడికే వెళ్ళి ఆగుతుంది. రౌతు ప్రాణాన్ని కాపాడేది చాలాసార్లు ఈ అలవాటే.

నేర్పేటప్పుడు ఎక్కువ సార్లు పూర్తి వేగంతో పరిగెత్తించడం పెద్ద తప్పు. గుర్రం గేటు దగ్గరే ఉద్రేకపడి, నురగలు కక్కుతూ, రౌతు సిద్ధమయ్యేలోపే దూసుకుపోవడం మొదలుపెడుతుంది. ఒకసారి ఆ గుణం పట్టుకుంటే వదిలించడానికి నెలలు పడుతుంది. సాధనలో ఎక్కువ భాగం నడకలోనూ మెల్లని దౌడులోనూ చెయ్యాలి, పూర్తి వేగం అప్పుడప్పుడూ చాలు. మధ్యమధ్య గేటు దాకా తీసుకెళ్ళి, ఏమీ చెయ్యకుండా నిలబెట్టి, వెనక్కి తీసుకొచ్చెయ్యాలి. లౌడ్‌స్పీకర్లు, దీపాలు, జెండాలు, మెరిసే బట్టల రెపరెపలు, చెవుల పక్కన తాడు చప్పుడు, వీటన్నిటికీ విడివిడిగా అలవాటు చెయ్యాలి. ఒకేసారి అన్నీ చూపిస్తే దేనికి బెదిరిందో మనకీ తెలియదు.

ట్రిక్ జీను మామూలు జీను లాంటిది కాదు. ముందున్న కొమ్ము పొడుగ్గా, సన్నగా, చేత్తో నిండుగా పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. వెనక రెండు పక్కలా చేతిపట్లు ఉంటాయి. ముందు భాగంలో పాదాలు దూర్చి నిలబడడానికి హిప్పోడ్రోమ్ పట్టీలు, వెనక పక్కన తలకిందులుగా వేలాడడానికి డ్రాగ్ పట్టీలు. జీను కదలకుండా పొట్ట కింద రెండు బిగింపు పట్టీలూ, ఛాతీకి అడ్డంగా ఒక పట్టీ తప్పనిసరి. మనిషి బరువంతా ఒకే పక్కన వేలాడుతుంది కాబట్టి, బిగింపు రెండు వేళ్ళంత సడలినా జీను పక్కకి తిరిగిపోతుంది. గుర్రం జీను వేసేటప్పుడు పొట్ట ఉబ్బిస్తుంది. అందుకని ఒకసారి బిగించి, పది నిమిషాలు నడిపించి, మళ్ళీ బిగించి, గేటు దగ్గర మూడోసారి చూడాలి. డ్రాగ్ పట్టీల కుట్లు ప్రతి ప్రదర్శనకీ ముందు వేలితో తడిమి చూడాలి. చెమటా వానా తగిలి తోలు పైకి బాగానే కనిపిస్తూ లోపల దారం కుళ్ళిపోతుంది. బిగువు బూట్లు వద్దు, పలచటి రబ్బరు అడుగున్న తేలికపాటి బూట్లు వేసుకోవాలి.

విన్యాసం ఏదైనా మొదట కొయ్య పీపా మీద, తర్వాత నిలబడ్డ గుర్రం మీద, తర్వాత నడకలో, ఆపైన దౌడులో. దుడుకు నడకలో నేర్చుకోవద్దు, ఆ కుదుపుకి లయ దొరకదు.

మొదట నేర్పేది హిప్పోడ్రోమ్ స్టాండ్. పాదాలు పట్టీల్లో దూర్చి, మోకాళ్ళు కొద్దిగా వంచి లేచి, ఒంటిని పరుగు దిక్కుకి కాస్త వాల్చి, చేతులు పైకెత్తాలి. భయపడేవాళ్ళు వెనక్కి వాలతారు. వెనక్కి వాలితే గుర్రం వేగం మనల్ని కింద నుంచి లాగేస్తుంది. చూపు గుర్రం చెవుల మధ్య నుంచి దూరంగా ఉండాలి, కాళ్ళ వైపు చూస్తే తల బరువుకే తూలుతారు. రెండు పట్టీలూ సమానంగా లేకపోయినా ఇదే ఫలితం, అందుకే ఎక్కేముందు కొలుచుకోవాలి.

వాల్ట్, అంటే దౌడులో దిగి నేలని తన్ని మళ్ళీ జీను మీదికి రావడం, చూసేవాళ్ళకి కండబలంలా కనిపిస్తుంది. కొమ్ముని రెండు చేతులా పట్టుకుని దిగి, రెండు పాదాలూ కలిపి గుర్రం భుజానికి కాస్త ముందు నేలని తాకాలి. పాదాలు నేలని తాకి ఆగుతాయి, గుర్రం ఆగదు. ఆ తేడాయే ఒంటిని పైకి ఎగరేస్తుంది. అందుకే ఇది నడకలో కష్టం, దౌడులో సులువు. పాదాలు భుజానికి వెనక పడితే ఎగురు రాదు, ఈడ్చుకుపోతారు. అప్పుడు చేతులతో లాక్కుని ఎక్కాలని చూడకూడదు. కాళ్ళు రెండూ దగ్గరికి ముడిచి, ముందుకి విసిరి మళ్ళీ నేలని తాకాలి. అది కుదరకపోతే కొమ్ము వదిలి గుర్రానికి దూరంగా దొర్లాలి. వెనక కాళ్ళ కింద పడే ప్రమాదం పట్టుకుని వేలాడేవాళ్ళకే ఎక్కువ.

డ్రాగ్ అన్నిటికంటే భయం పుట్టిస్తుంది. ఒక పాదం వెనక పట్టీలో చీలమండ దాకా దూర్చి, పక్కకి జారి, తల కిందికి, చేతులు నేల వైపు. కిందికి వెళ్ళడం ఎవరైనా వెళ్తారు, పైకి రావడం పొట్ట కండరాల పని. నిలబడ్డ గుర్రం మీద వరసగా పదిసార్లు సాయం లేకుండా పైకి రాలేనివాళ్ళని కదిలే గుర్రం మీద దీనికి ఒప్పుకోకూడదని నా గట్టి అభిప్రాయం. కంచెకి మరీ దగ్గరగా పరిగెత్తే గుర్రం మీద కంచె వైపు డ్రాగ్ చెయ్యనే చెయ్యకూడదు.

పొట్ట కింద నుంచి దూరి అవతలి పక్క జీను ఎక్కడం ఇప్పుడు చాలా తక్కువమంది చేస్తారు. దానికి కారణం తెలియాలంటే టాడ్ లూకస్ గురించి తెలియాలి. 1902లో నెబ్రాస్కాలో పుట్టి ఫోర్ట్‌వర్త్‌లో స్థిరపడిన ఆమె తన కాలంలో ట్రిక్ రైడింగ్‌కి మారుపేరు. 1933లో షికాగోలో ఆ విన్యాసంలోనే జారి గుర్రం కాళ్ళ కింద పడింది, చెయ్యి నుగ్గయింది. చెయ్యి తీసెయ్యాలన్నంత దాకా వచ్చింది. ఏళ్ళ తరబడి కట్టుతో ఉంది, ఆ కట్టుతోనే మళ్ళీ రింగులోకి వచ్చి ప్రదర్శనలిచ్చింది. నాకు ఆమె ధైర్యం మీద ఎంత గౌరవమో ఆమె పద్ధతి మీద అంతకంటే ఎక్కువ గౌరవం. తిరిగి వచ్చినప్పుడు ఒక చేత్తో చెయ్యగలిగినవే ఎంచుకుని వాటినే అందంగా చేసింది.

తాడునీ గుర్రాన్నీ కలిపే దశ ఆఖర్న వస్తుంది. ముందు గుర్రం పక్కన నేల మీద నిలబడి తాడు తిప్పాలి, తర్వాత జీనులో కూర్చుని, ఆ తర్వాత నిలబడి. ఉచ్చు గుర్రం తోకకీ చెవికీ తగిలినా అది కదలనప్పుడే ముందుకి వెళ్ళాలి. మాంటీ మాంటానా అనే కౌబాయ్ ఇలా గుర్రం మీది నుంచి తాడు వెయ్యడంలో ఎంత నమ్మకస్తుడంటే, 1953 జనవరిలో ప్రమాణ స్వీకార ఊరేగింపులో ముందుగా అనుమతి తీసుకుని ఐసెన్‌హోవర్ అధ్యక్షుడి మీదే ఉచ్చు వేశాడు.

ప్రదర్శన రోజున రింగుని నడిచి చూడడం నేను ఎన్నడూ మానను. మన్ను మరీ లోతుగా దున్ని ఉంటే గుర్రం శ్రమ పడుతుంది, వాల్ట్‌లో పాదాలు కూరుకుపోతాయి. మరీ గట్టిగా ఉంటే మోకాళ్ళు దెబ్బతింటాయి. వాన పడి బురదైతే నేలని తాకే విన్యాసాలన్నీ తీసేసి, పై విన్యాసాలతోనే సరిపెట్టాలి. ట్రాక్టర్ నడిపే మనిషితో ముందే మాట్లాడి, మన దారి వెంట ఒకసారి చదును చేయించుకోవాలి. మైకు తీగలు, పీపాలు, కంచె లోపలికి చెయ్యి చాచి ఫోటోలు తీసేవాళ్ళు, ఇవన్నీ ఆ దారిలో లేకుండా చూసుకోవాలి. గేటు తీసే మనిషికి సైగ ఏమిటో చెప్పాలి. ఎనౌన్సర్‌కి విన్యాసాల వరస రాసి ఇవ్వాలి, ఎందుకంటే ఆయన మాట ఆగినప్పుడు జనం నిశ్శబ్దమైతే గుర్రం చెవులు తిప్పి నెమ్మదిస్తుంది.

బతుకుతెరువు సంగతి. రోడియో కమిటీలూ పశువుల్ని సరఫరా చేసే కాంట్రాక్టర్లూ ప్రదర్శనకి ఇంత అని మాట్లాడుకుంటారు. డిసెంబరులో లాస్ వేగస్‌లో జాతీయ ఫైనల్స్ జరిగే రోజుల్లో మరుసటి ఏడాది ఒప్పందాలు చాలావరకు కుదురుతాయి. జనవరి, ఫిబ్రవరి, మార్చిలో డెన్వర్, ఫోర్ట్‌వర్త్, శాన్ ఆంటోనియో, హ్యూస్టన్ లాంటి పెద్ద ఇండోర్ రోడియోలు. వేసవిలో, ముఖ్యంగా జూలై 4 చుట్టుపక్కల, రోజుకో ఊరు. ఒప్పందంలో మూడు విషయాలు రాయించుకోవాలి: వానకి రద్దైతే ఎంత ఇస్తారు, గుర్రాలకి కొట్టం ఎవరిస్తారు, రింగులో గాయమైతే బీమా ఎవరిది. ఇవి నోటిమాటగా వదిలేసినవాళ్ళు వేసవి చివరికి చేతి డబ్బు పెట్టుకుని ఇంటికొస్తారు.

రాష్ట్రం దాటాలంటే గుర్రానికి అంటు రక్తహీనత లేదని చూపే కాగిన్స్ రక్తపరీక్ష కాగితం, పశువైద్యుడి ఆరోగ్య పత్రం వెంట ఉండాలి. ఆరోగ్య పత్రం సాధారణంగా ముప్పై రోజులే చెల్లుతుంది. దూర ప్రయాణంలో నాలుగైదు గంటలకోసారి ఆపి నీళ్ళు పట్టాలి. కొత్త ఊరి నీళ్ళు రుచి తేడా అని తాగని గుర్రాలుంటాయి, ఇంటి నుంచి డ్రమ్ముతో నీళ్ళు తీసుకెళ్ళి కలిపి అలవాటు చెయ్యాలి. నీళ్ళు తాగని గుర్రానికి కడుపునొప్పి వస్తే ప్రదర్శన సంగతి అటుంచి గుర్రమే దక్కకపోవచ్చు. లాడాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి మార్చాలి. ఒక గుర్రం పనిలో ఉండగానే రెండోదాన్ని తయారు చేసుకుంటూ ఉండాలి. దారి నేర్చిన గుర్రం కుంటితే ఆ సీజన్‌కి వేరేది దొరకదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలెవరైనా ఇష్టపడితే నేరుగా ట్రిక్ రైడింగ్ శిబిరానికి పంపకండి. ముందు వాల్టింగ్ క్లబ్‌లో చేర్చండి. అక్కడ గుర్రాన్ని పొడుగు తాడుతో గుండ్రంగా తిప్పుతూ ఒక మనిషి అదుపులో పెడతాడు, పిల్ల రెండు చేతిపట్లున్న పట్టీ పట్టుకుని మోకాళ్ళ మీద నిలబడడం, లేచి నిలబడడం, పడితే దొర్లడం నేర్చుకుంటుంది. అదే సమయంలో ఇంట్లో కారు షెడ్డులో పదిహేను అడుగుల నూలుతాడుతో ఫ్లాట్ లూప్ మొదలుపెట్టవచ్చు. తర్వాత శిక్షకుల్ని వెతికేటప్పుడు ఒక పూట వెళ్ళి చూడండి. ఎక్కించేముందు బిగింపు పట్టీలు ఎన్నిసార్లు చూస్తున్నారు, దారి చివర గుర్రాన్ని అందుకునే మనిషి ఉన్నాడా, గుర్రాలు గేటు దగ్గర ప్రశాంతంగా నిలబడుతున్నాయా. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఇంకో శిక్షకుణ్ణి వెతకండి.